పైథాన్ 3.12 వేసినా 3.8.10 అనే చూపిస్తోంది: కంప్యూటర్‌లో ఉన్న అసలు వెర్షన్ తెలుసుకోవడం ఎలా?

ల్యాబ్_మాస్టారు (టెక్కలి, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. ల్యాబ్‌లో ఇరవై చిల్లర కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో రెండు వరుసలు విండోస్ 7 మీద నడిచే పాతవి, మిగిలినవి విండోస్ 10 మీద నడిచేవి. ఒక కంప్యూటర్‌లో నడిచిన ప్రోగ్రాం పక్క కంప్యూటర్‌లో నడవడం లేదని పిల్లలు రోజూ వచ్చి చెబుతున్నారు. ప్రాక్టికల్ పరీక్ష నాడు ఎక్స్‌టర్నల్ ఎదుట ఇదే జరిగితే జవాబు చెప్పుకోవలసింది నేనే కనుక, ఏ కంప్యూటర్‌లో ఏ పైథాన్, ఏ జావా, ఏ సీ కంపైలర్ ఉన్నాయో ఒక పట్టిక రాసి గోడకు అంటించాలని మొదలుపెట్టాను. ఆ పని మొదటి రోజే చిక్కులో పడింది.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాలే అని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను.

విండోస్ 10 ఉన్న ఒక కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పైథాన్ 3.12 ఇన్‌స్టాలర్‌ను నడిపాను. కింద ఉన్న పాథ్ (కమాండ్ల కోసం విండోస్ వెదికే ఫోల్డర్ల జాబితా) గడిలో టిక్కు కూడా పెట్టాను. ఇన్‌స్టాల్ సక్రమంగా పూర్తయిందని కూడా చూపించింది. తరువాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి «పైథాన్ --వెర్షన్» అని కొడితే «పైథాన్ 3.8.10» అని వచ్చింది. మ్యాచ్, కేస్ వాడి రాసిన ఒక ప్రోగ్రాంను అక్కడి నుంచి నడిపితే, మ్యాచ్ ఉన్న లైను దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తోంది. అదే ఫైలును స్టార్ట్ మెనూలోని ఐడిల్‌లో (పైథాన్‌తో పాటే వచ్చే ఎడిటర్) తెరిస్తే ఏ గొడవా లేకుండా నడుస్తోంది, పైగా ఐడిల్ కిటికీ పై పట్టీ మీద 3.12 అని కనిపిస్తోంది. ఒకే కంప్యూటర్ రెండు జవాబులు చెబుతుంటే నేను పట్టికలో ఏది రాసుకోవాలి?

మరొక సంగతి. కొన్ని కంప్యూటర్లలో «జావా --వెర్షన్» అని కొడితే, ఆ ఆప్షన్‌ను గుర్తించలేదనీ, జావా వర్చువల్ మెషీన్‌ను సృష్టించలేకపోయిందనీ రెండు లైన్లు వస్తున్నాయి. అది చూసి జావా పాడైపోయిందని పిల్లలు కంగారు పడుతున్నారు. పక్క కంప్యూటర్‌లో అదే కమాండ్ చక్కగా పనిచేస్తోంది.

చంపావతి (నెల్లిమర్ల)

మాస్టారూ, మీ కంప్యూటర్ చెప్పిన రెండు జవాబులూ నిజమే. అందులో రెండు పైథాన్లు ఉన్నాయి, మీరు ఒకసారి ఒకదాన్ని, మరొకసారి ఇంకొకదాన్ని పలకరించారు. వెర్షన్ అడిగే కమాండ్ కంప్యూటర్ మొత్తాన్ని వెదికి జవాబు చెప్పదు. ఆ పేరుతో మొదట దొరికిన ఫైలును నడుపుతుంది, ఆ ఫైలు తన నంబరు తాను చెప్పుకుంటుంది, అంతే. మన ఊళ్లలో వీధి మొదట్లో నిలబడి «అప్పలరాజూ» అని కేకవేస్తే అందరికన్నా దగ్గర ఇంట్లో ఉన్న అప్పలరాజు పలుకుతాడు. మనకు కావలసిన అప్పలరాజు నాలుగిళ్ల అవతల ఉంటే ఆయన దాకా ఆ కేక చేరదు.

కాబట్టి వెర్షన్ అడగడానికి ముందు, ఏ ఫైలు జవాబు చెబుతోందో అడగండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో దానికి «వేర్ పైథాన్» అనే కమాండ్ ఉంది (డబ్ల్యూ, హెచ్, ఈ, ఆర్, ఈ అక్షరాలు, తరువాత ఖాళీ, తరువాత పైథాన్). పాథ్‌లో ఉన్న ఫోల్డర్లలో ఆ పేరుతో ఎన్ని ఫైళ్లు ఉంటే అన్నింటినీ అది వరుసగా చూపిస్తుంది. అన్నింటికన్నా పైన ఉన్న లైనే మీకు జవాబు చెబుతున్న పైథాన్. నీలం రంగు పవర్‌షెల్‌లో మాత్రం వేర్ అనే మాటకు వేరే పని ఉంది, అది ఏమీ చూపించకుండా ఊరుకుంటుంది, అక్కడ «వేర్.ఈఎక్స్ఈ పైథాన్» అని పూర్తిగా కొట్టాలి.

మీ విషయంలో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. విండోస్‌లో పాథ్ రెండు భాగాలుగా ఉంటుంది: కంప్యూటర్ అంతటికీ వర్తించే సిస్టమ్ పాథ్ ఒకటి, లాగిన్ అయిన మనిషికి మాత్రమే వర్తించే యూజర్ పాథ్ ఇంకొకటి. వెదకడం ఎప్పుడూ సిస్టమ్ పాథ్‌తో మొదలై, అది అయిపోయాకనే యూజర్ పాథ్‌లోకి వెళుతుంది. ఆ 3.8.10ను ఎవరో అందరు యూజర్లకూ వర్తించేలా వేసి ఉంటారు, అందువల్ల అది సిస్టమ్ పాథ్‌లో ఉంటుంది. మీరు 3.12ను మామూలుగా ఇన్‌స్టాల్ నౌ నొక్కి వేసి ఉంటారు కనుక అది యూజర్ పాథ్‌లో చేరింది. మీరు పెట్టిన టిక్కు వృథా పోలేదు, అయితే అది వరుసలో వెనక నిలబడింది.

ముందు «వేర్ పైథాన్» ఏం చూపిస్తుందో ఇక్కడ రాయండి. అది చూడకుండా దేన్నీ తీసివేయకండి.

పాలకొండ_రోడ్డు (శ్రీకాకుళం)

చంపావతి గారు చెప్పినదానికి ఒక చేర్పు. పైథాన్ అధికారిక ఇన్‌స్టాలర్‌తో పాటు విండోస్‌లో «పీవై» అనే రెండక్షరాల లాంచర్ కూడా వస్తుంది. «పీవై -0పీ» అని కొడితే (అడ్డగీత, సున్నా, పీ) కంప్యూటర్‌లో నమోదైన పైథాన్లన్నీ వాటి ఫోల్డర్లతో సహా వస్తాయి, డిఫాల్టుగా నడిచేదాని పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఇది పాథ్ వరుసను పట్టించుకోదు, ఉన్నవాటిలో కొత్త వెర్షన్‌ను ఎంచుకుంటుంది. అందువల్ల మీ కంప్యూటర్‌లో «పీవై --వెర్షన్» 3.12 అనీ, «పైథాన్ --వెర్షన్» 3.8.10 అనీ చెప్పడం ఖాయం. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు సాధారణంగా నడిచేది కూడా ఈ లాంచరే. డబుల్ క్లిక్ చేస్తే పనిచేస్తోంది, నల్ల కిటికీలో చేయడం లేదు అని పిల్లలు చెప్పే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

పైథాన్‌కు అదనపు ప్యాకేజీలు వేసే పిప్ సంగతీ ఇంతే. «పిప్ --వెర్షన్» అని కొడితే పిప్ నంబరు తరువాత అది ఏ ఫోల్డర్‌లో ఉందో, లైను చివర కుండలీకరణాల్లో అది ఏ పైథాన్‌కు చెందిందో కూడా చెబుతుంది. ఆ చివరి మాటను ఎవరూ చదవరు. 3.8కి చెందిన పిప్‌తో నంపై అనే ప్యాకేజీ వేసి, 3.12లో నంపై దొరకడం లేదని తలపట్టుకునేవారిని ఎందరినో చూశాను. «పైథాన్ -ఎం పిప్» అని పిలిస్తే, ఏ పైథాన్‌ను పిలిచారో దాని పిప్పే వస్తుంది, ఆ తగాదా ఉండదు.

ల్యాబ్_మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. «వేర్ పైథాన్» మూడు లైన్లు చూపించింది. మొదటిది సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న పైథాన్38 ఫోల్డర్. రెండవది యూజర్ పేరు కింద, యాప్‌డేటా లోపల ఎక్కడో ఉన్న పైథాన్312. మూడవది కూడా యాప్‌డేటాలోనే మైక్రోసాఫ్ట్, విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్. నేను వేసినవి రెండే అయితే ఈ మూడవది ఎక్కడిది?

ఈలోగా తరగతిలో వేరే వాదం మొదలైంది. 3.12 కన్నా 3.8 పెద్ద సంఖ్య కదా, అలాంటప్పుడు కొత్తది అదే అయి ఉండాలి కదా అని ఒక అమ్మాయి అడిగింది. గణితం ప్రకారం ఆమెను తప్పుపట్టలేము.

చంపావతి (నెల్లిమర్ల)

అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. వెర్షన్ నంబరులోని చుక్క దశాంశ బిందువు కాదు, రెండు పూర్ణాంకాలను విడదీసే గుర్తు. ముందు మొదటి అంకెను పోల్చాలి, అవి సమానమైతే రెండవ సంఖ్యను పోల్చాలి. ఎనిమిది కన్నా పన్నెండు పెద్దది కనుక 3.12యే కొత్తది. 3.9 తరువాత 2021 అక్టోబరులో 3.10 వచ్చినప్పుడు, వెర్షన్‌ను అక్షరాల వరుసగా పోల్చే ప్రోగ్రాములు నిజంగానే తడబడ్డాయి. మీ మ్యాచ్ వాక్యం పైథాన్‌లో చేరింది కూడా ఆ 3.10తోనే. అందుకే 3.8.10 దాన్ని సింటాక్స్ ఎర్రర్ అంటోంది.

మూడవ లైను గురించి: అది పైథాన్ కాదు, విండోస్ 10 తనంతట తాను పెట్టుకున్న సున్నా బైట్ల ఫైలు. పైథాన్ ఏదీ దొరకనప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్‌ను తెరవడం దాని పని. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియసెస్ అనే చోట దాన్ని ఆపివేయవచ్చు. వీడియోలు చూసి పిల్లలు «పైథాన్3» అని కొడితే స్టోర్ తెరుచుకోవడానికి కారణం కూడా ఇదే. విండోస్‌కు వచ్చే అధికారిక ఇన్‌స్టాలర్ పైథాన్3 అనే పేరుతో ఫైలు పెట్టదు; ఆ పేరు లినక్స్, మ్యాక్ వాడుక.

ఇక సరిచేయడం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ తెరిచి, కింది సగంలో ఉన్న సిస్టమ్ పాథ్‌లో పైథాన్38 పేరుతో ఉన్న రెండు లైన్లను తొలగించండి. ఒకటి ఆ ఫోల్డర్ పేరు, రెండవది దాని లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్ పేరు. పైథాన్ 3.8 కంప్యూటర్‌లోనే ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది, కానీ ముందుకు దూకదు. తరువాత తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌ను మూసి కొత్తది తెరవండి, ఎందుకంటే ప్రతి కిటికీ తాను తెరుచుకున్న నాటి పాథ్‌నే పట్టుకుని ఉంటుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే వీఎస్ కోడ్ మొత్తాన్ని మూసి తెరిస్తే తప్ప మారదు. మార్పు చేశాం కానీ ఏమీ మారలేదు అని రాసేవారిలో సగం మంది పాత కిటికీలోనే చూస్తుంటారు.

బొబ్బిలి_వీణ

జావా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కనుక నేను రాస్తున్నాను. అది పాడవలేదు. రెండు అడ్డగీతలతో «జావా --వెర్షన్» అని అడిగే పద్ధతి 2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9తో మొదలైంది. మీరు చెప్పిన రెండు లైన్లు వచ్చే కంప్యూటర్లలో ఉన్నది జావా 8 గానీ అంతకన్నా పాతది గానీ అయి ఉంటుంది. ఒకే అడ్డగీతతో «జావా -వెర్షన్» అని కొడితే పాతవీ కొత్తవీ రెండూ జవాబిస్తాయి, కాబట్టి పట్టిక కోసం అదే వాడండి. జావా 8 తనను 8 అని చెప్పుకోదు, 1.8.0 అని చెప్పుకుంటుంది. ఆ మొదటి 1ని చూసి మరీ పురాతనమైనదని కంగారు పడవద్దు.

వెర్షన్ అడగడానికి లోకంలో ఒకే పద్ధతి లేకపోవడం నిజంగా చికాకే. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి ప్రోగ్రాములన్నీ రెండు అడ్డగీతల వెర్షన్‌కు జవాబివ్వాలని వారి నియమావళిలో ఉంది, అందువల్ల వారి సీ కంపైలర్ జీసీసీ దగ్గర ఇబ్బంది రాదు. గో భాష పనిముట్టుకు అడ్డగీతే లేకుండా «గో వెర్షన్» అనాలి. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కు అడ్డగీత పక్కన చిన్న వీ అక్షరం సరిపోతుంది. పైథాన్‌కు పెద్ద వీ అయితే వెర్షన్, చిన్న వీ అయితే అది లోడు చేసుకునే ప్రతి మాడ్యూలు పేరూ తెరనిండా కురుస్తుంది. నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్‌కూ పెద్ద వీ వెర్షన్, చిన్న వీ వివరంగా మాట్లాడమని. ఏది పనిచేస్తుందో తెలియనప్పుడు ముందుగా రెండు అడ్డగీతలతో వెర్షన్ అని పూర్తిగా రాయడమే క్షేమం.

జావా దగ్గర మరొక పరీక్ష తప్పకుండా చేయండి: «జావా -వెర్షన్»తో పాటు «జావాసీ -వెర్షన్» కూడా అడగండి. మొదటిది నడిపేది, రెండవది కంపైల్ చేసేది. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ జావాపాథ్ అనే ఒక ఫోల్డర్‌ను పాథ్ ముందు పెడుతుంది, మీరు వేసుకున్న జేడీకే (కంపైలర్‌తో కూడిన జావా కిట్) వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, అందువల్ల ఈ రెండూ వేర్వేరు వెర్షన్లు కావడం ల్యాబులలో చాలా మామూలు. అప్పుడు ప్రోగ్రాం చక్కగా కంపైల్ అవుతుంది, నడపబోతే మాత్రం అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌లో 61.0, 52.0 వంటి సంఖ్యలు ఉంటాయి. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. క్లాస్ ఫైలు 61 అనీ, నడిపేది 52 వరకే గుర్తిస్తుందనీ వచ్చిందంటే, 17తో కంపైల్ చేసి 8తో నడుపుతున్నారని ఆ ఎర్రరే మీకు చెప్పినట్టు.

సీ విషయంలో దీనికి తలకిందులైన సమస్య ఉంటుంది. «జీసీసీ --వెర్షన్» అని కొడితే అలాంటి కమాండే లేదని వస్తుంది, కానీ డెవ్ సీ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్ తెరిస్తే ప్రోగ్రాములు కంపైల్ అవుతుంటాయి. అది తన జీసీసీని తన ఫోల్డర్‌లోనే దాచుకుంటుంది, పాథ్‌లో చేర్చదు. ల్యాబులలో ఎక్కువగా కనిపించే దాని 5.11 వెర్షన్ అయితే లోపల ఉన్నది జీసీసీ 4.9.2, అంటే 2014 నాటిది. దానికి సీ ప్లస్ ప్లస్ 17 అంటే ఏమిటో తెలియదు. అలాంటిదే మరొక ఎడిటర్ కోడ్ బ్లాక్స్ 20.03తో వచ్చే జీసీసీ 8.1.0. కమాండ్ లేదని వచ్చినంత మాత్రాన పట్టికలో «లేదు» అని రాసేయకుండా, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడి జీసీసీని నేరుగా అడగండి.

ల్యాబ్_మాస్టారు

పైథాన్ సంగతి తేలింది. పైథాన్38 లైన్లు తీసి కొత్త కిటికీలో అడిగితే 3.12 పలికింది.

ఒక్కొక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని ఇన్ని కమాండ్లు కొట్టే ఓపిక లేక, అన్నింటినీ ఒక బ్యాచ్ ఫైలులో రాసి, వచ్చిన జవాబులు పెన్‌డ్రైవ్‌లోని ఒక టెక్స్ట్ ఫైలులో చేరేలా పెట్టాను. కంప్యూటర్ పేరు వస్తోంది, పైథాన్ వస్తోంది, జీసీసీ వస్తోంది, జావా చోటు మాత్రం ఖాళీగా ఉంటోంది. తెర మీద జావా వెర్షన్ కనిపిస్తూనే ఉంది, ఫైలులోకి మాత్రం ఎక్కడం లేదు.

చంపావతి (నెల్లిమర్ల)

ఏ ప్రోగ్రాముకైనా మాట బయటకు పంపడానికి రెండు దారులు ఉంటాయి, ఒకటి మామూలు జవాబులకు, రెండవది ఎర్రర్లకు. మీరు పెట్టిన బాణం గుర్తు మొదటి దారినే ఫైలులోకి మళ్లిస్తుంది. ఒకే అడ్డగీతతో అడిగిన జావా తన వెర్షన్‌ను రెండవ దారిలో పంపుతుంది. పైథాన్ 2 కూడా అలాగే చేసేది. ఫైలు పేరు తరువాత ఒక ఖాళీ వదిలి 2>&1 అని చేర్చండి, రెండు దారులూ కలిసి ఫైలులోకి వెళతాయి. కమాండే లేదని వచ్చే మాటలూ అప్పుడు నమోదవుతాయి, మీ పట్టికకు అవీ కావలసినవే.

మీ బ్యాచ్ ఫైలుకు మాత్రం జావా అనో, పైథాన్ అనో పేరు పెట్టకండి. కమాండ్ ప్రాంప్ట్ పాథ్‌కన్నా ముందు తాను ఉన్న ఫోల్డర్‌లో వెదుకుతుంది, అక్కడ జావా.బ్యాట్ కనిపిస్తే దాన్నే నడుపుతుంది, అది మళ్లీ తనను తానే పిలుచుకుంటూ ఆగకుండా తిరుగుతుంది.

పాలకొండ_రోడ్డు (శ్రీకాకుళం)

ఇంత శ్రమ ఎందుకు? పాత పైథాన్లన్నీ తీసివేసి అన్నింటిలోనూ 3.12 వేసేస్తే పట్టిక అవసరమే ఉండదు కదా.

బొబ్బిలి_వీణ

అది కుదరదండీ. మాస్టారి ల్యాబ్‌లో విండోస్ 7 వరుసలు ఉన్నాయి. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. 3.8లో కూడా ఇన్‌స్టాలర్‌తో వచ్చిన చివరిది 3.8.10, ఆ తరువాతివి సోర్స్ కోడ్ రూపంలోనే వచ్చాయి. ఆ కంప్యూటర్లలో 3.8.10 ఉండడం ఎవరి అశ్రద్ధా కాదు, వాటికి దక్కగలిగిన ఆఖరు మెట్టు అది. 3.8కి పైథాన్ వారి మద్దతు 2024 అక్టోబరులో ముగిసింది కనుక వాటిని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మంచిదే, కానీ తీసివేస్తే ఆ రెండు వరుసల పిల్లలకు పైథానే ఉండదు. పరీక్ష నాటికి మ్యాచ్ వాడే ప్రోగ్రాములు ఇచ్చే విద్యార్థులను విండోస్ 10 వరుసల్లో కూర్చోబెట్టడమో, అందరిచేతా ఇఫ్, ఎలిఫ్‌తో రాయించడమో చేయాలి. నేనైతే రెండవదే చేస్తాను.

ల్యాబ్_మాస్టారు

నాకూ అదే సబబుగా తోస్తోంది. పట్టికలో నంబరు పక్కన, «వేర్» చూపించిన మొదటి లైనుకు కూడా ఒక గడి పెట్టాను. జావాకూ, జావాసీకీ వేర్వేరు గడులు పెడితే మూడు కంప్యూటర్లలో అవి కలవడం లేదని బయటపడింది, వాటిని సరిచేస్తున్నాను.

ఇంకొక చిన్న సందేహం. ప్రోగ్రాం మొదటి లైన్లలోనే వెర్షన్ చూసి, 3.10 కన్నా తక్కువైతే తెలుగులో ఒక మాట చెప్పి ఆగిపోయేలా పిల్లలచేత రాయించాను. సిస్ మాడ్యూలులోని వెర్షన్_ఇన్ఫోను (3, 10)తో పోల్చాము. 3.8 ఉన్న కంప్యూటర్‌లో మా మాట రాకుండా మళ్లీ ఆ సింటాక్స్ ఎర్రరే వస్తోంది.

చంపావతి (నెల్లిమర్ల)

పోల్చిన పద్ధతి సరైనదే, పెట్టిన చోటే సరికాదు. పైథాన్ ఒక ఫైలులోని మొదటి లైను నడపడానికి ముందే ఫైలు మొత్తాన్ని చదివి, వాక్య నిర్మాణం సరిగా ఉందో లేదో చూస్తుంది. ఎక్కడో నలభయ్యో లైనులో ఉన్న మ్యాచ్ దగ్గరే అది ఆగిపోతుంది కనుక మీ పరీక్ష నడిచే అవకాశమే రాదు. వెర్షన్ చూసే లైన్లను ఒక చిన్న ఫైలులో ఉంచి, అసలు ప్రోగ్రాంను వేరే ఫైలులో రాసి, పరీక్ష నెగ్గిన తరువాతనే ఆ రెండవ ఫైలును ఇంపోర్ట్ చేయించండి. ఆ చిన్న ఫైలులోనే సిస్.ఎగ్జిక్యూటబుల్‌ను కూడా ప్రింటు చేయిస్తే, నడుస్తున్న పైథాన్ ఏ ఫోల్డర్‌లోదో పిల్లలకే కనిపిస్తుంది. ఐడిల్ నుంచి నడిపినా, వీఎస్ కోడ్ నుంచి నడిపినా, పాథ్‌తో పని లేకుండా అది సరైన జవాబే చెబుతుంది.